ఘాట్ మలుపుల్లో సెకండ్ గేరా, థర్డ్ గేరా? గేరును బట్టి బండి తిరిగే తీరు ఎందుకు మారుతోంది?

ఏపీ04_హ్యాచ్ (కడప):
అన్నలూ, ఒక డౌట్. నాది 1.0 టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఆరు గేర్ల మాన్యువల్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. రాయచోటిలో పనులుండి గువ్వలచెరువు ఘాట్ మీదుగా తరచూ పోతుంటా, లారీలు తక్కువుంటాయని చాలావరకు పొద్దున్నే. ఎక్కేటప్పుడు అదే మలుపు, అదే 50 స్పీడు, కానీ సెకండ్‌లో ఉంటే మధ్యలో యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కగానే ముందు భాగం బయటికి జారిపోతుంది, స్టీరింగ్ ఇంకా తిప్పినా మాట వినదు, భయమేసి కాలు తీస్తే మాత్రం ఠక్కున లోపలికి తిరుగుతుంది. థర్డ్‌లో పోతే ఏ గొడవా లేదు, గీసిన గీత మీద పోతుంది, కాకపోతే మలుపు దాటాక పికప్ చప్పగా ఉంటుంది. టైర్లు బాగున్నాయి, అలైన్‌మెంట్ కూడా చేయించా. మా ఫ్రెండేమో ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకు ముందుండే చివరి గేరు జత) మార్పిస్తే మలుపుల్లో బండి కేక అంటున్నాడు. అసలు గేరు మారితే టైరు గ్రిప్ మారుతుందా?

అనంత02:
గ్రిప్ మారదు తమ్ముడూ. ఆ గ్రిప్‌లో నువ్వు ఎంత వాడేస్తున్నావు అనేది మారుతుంది. నీ బండి కచ్చితమైన నంబర్లు నా దగ్గర లేవు గానీ ఇలాంటి బండికి ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. ఫైనల్ డ్రైవ్‌తో కలిపి గేర్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరిగే చుట్లు, సెకండ్‌కి 8, థర్డ్‌కి 5.4 అనుకో. 195/55 ఆర్16 టైరు ఒక చుట్టుకి దాదాపు 1.95 మీటర్లు పోతుంది, కాబట్టి 50 స్పీడులో ఇంజిన్ సెకండ్‌లో 3400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, థర్డ్‌లో 2300 దగ్గర తిరుగుతుంటుంది. టర్బో కాబట్టి రెండు చోట్లా టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) దండిగానే ఉంటుంది, 170 ఎన్ఎం అనుకుందాం. ఫుల్‌గా తొక్కితే సెకండ్‌లో ముందు టైర్లు రోడ్డును తోసే బలం దాదాపు 440 కిలోలు, థర్డ్‌లో 300 కిలోలు.

ఇప్పుడు టైరు వైపు నుంచి చూడు. బండి 1100 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 660 అనుకో. రోడ్డు బాగుంటే అందులో 80 శాతం గ్రిప్, అంటే 530 కిలోలు. అది మొత్తం బడ్జెట్. 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో 50 స్పీడుతో తిరగడానికే ముందు టైర్లకు 320 కిలోల పైన పక్కబలం కావాలి. అయితే మిగిలింది 530లోంచి 320 తీసేసినంత కాదు. పక్కబలం, ముందుకు తోసే బలం ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి స్కూల్లో చదివిన పైథాగరస్ లెక్క వేయాలి. వేస్తే 420 వస్తుంది. చూశావా, థర్డ్‌లో ఫుల్ తొక్కినా 300తో లోపలే ఉన్నావు, సెకండ్‌లో 440, గీత దాటావు. దాటితే టైరు ముందుగా వదిలేసేది తిరిగే పనినే, నీ ముక్కు బయటికి పోయేది అందుకే.

పైగా ఘాట్ ఎక్కుతున్నావు, బరువు వెనక్కి వాలి ముందు టైర్ల మీద భారం ఇంకా తగ్గుతుంది. మలుపులో బాడీ పక్కకి ఒరిగి లోపలి వైపు చక్రం తేలికవుతుంది, మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని ఎడమ, కుడి చక్రాలకు పంచే గేర్లు) రెండు చక్రాలకూ సమానంగానే టార్క్ పంచుతుంది కాబట్టి ఆ తేలిక చక్రం ఊరికే తిరిగేస్తుంది. కాబట్టి 420 కూడా కాగితం మీదే.

కాలు తీస్తే లోపలికి తిరగడం కూడా ఇదే కథ. సెకండ్‌లో ఇంజిన్ బ్రేకింగ్ (కాలు తీయగానే ఇంజినే బండిని ఆపడం) ఎక్కువ, బరువు ఒక్కసారిగా ముందుకొస్తుంది, ముందు టైర్లు పట్టుకుంటాయి, వెనక తేలికవుతుంది. దిగేటప్పుడు మలుపు మధ్యలో మాత్రం అలా కాలు ఎత్తేయకు, వెనక భాగం పక్కకి వస్తుంది.

పాలకోవా_పార్టీ:
ఇంత లెక్క చేసేలోపు నేను గువ్వలచెరువులో ఆగి అర కిలో కోవా తినేసి రాయచోటి చేరిపోతా 😄

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అనంత02 అన్న చెప్పింది ఫ్రంట్ వీల్ డ్రైవ్ సంగతి. నాది బొలెరో, వెనక చక్రాలు తోసే బండి, దీంట్లో అంతా తలకిందులు. ఆత్మకూరు–దోర్నాల అడవి రోడ్డులో వానపడ్డాక దిగుతూ మలుపు మొదట్లో థర్డ్ నుంచి సెకండ్‌కి దించి క్లచ్ టక్కున వదిలితే, ఇంజిన్ బ్రేకింగ్ మొత్తం వెనక టైర్ల మీదే పడుతుంది. ఎవరో హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు వెనక ఊగుతుంది. గేరు దించగానే ఇంజిన్ ఆర్‌పీఎం ఒక్కసారిగా పైకి ఎగరాలి కదా, ఆ ఎగరడానికి కావలసిన బలం టైర్ల నుంచే లాక్కుంటుంది. క్లచ్ వదిలే ముందు ఒకసారి రేస్ ఇచ్చి ఆర్‌పీఎం లేపి వదిలితే కుదుపే ఉండదు. లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ వేసేది (ఒక గేరు మార్పుకి క్లచ్ రెండుసార్లు తొక్కేది) కూడా ఆర్‌పీఎం కలపడానికే, వాళ్లనెవరూ స్పోర్టీ డ్రైవర్లని అనరు గానీ.

ఇంకోటి, ఏ బండైనా గేరు మార్చడం మలుపుకి ముందే అయిపోవాలి, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే. మధ్యలో క్లచ్ తొక్కితే తోసే బలం పోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది, ఆ రెండుసార్లూ బరువు అటూ ఇటూ ఊగుతుంది.

ఏపీ04_హ్యాచ్:
అనంత02 అన్నా, లెక్క సూపర్. మరి ఫైనల్ డ్రైవ్ సంగతి?

అనంత02:
నీ ఫ్రెండు చెప్పినట్టు పెద్ద నంబరు వేయిస్తే ప్రతి గేరులోనూ ఆ తోసే బలం పెరుగుతుంది. నీకు సెకండ్‌లో ఇప్పటికే ఎక్కువైంది కదయ్యా, దాన్ని ఇంకా పెంచుకుని ఏం చేస్తావు? థర్డ్ కొంచెం హుషారవుతుంది, నిజమే. టొయోటా 86 అనే స్పోర్ట్స్ కారు మాన్యువల్‌కి 2017 మోడల్‌లో అమెరికాలో 4.1 తీసి 4.3 పెట్టింది, అంటే దాదాపు 5 శాతం. కానీ అది వెనక చక్రాల బండి, ఎక్సిట్‌లో బరువు వెనక్కి వాలితే దానికి మేలే, నీకు నష్టం.

ఆన్‌లైన్‌లో గేర్ రేషియోలు చూసి పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. మాజ్డా ఎంఎక్స్-5 ఎన్‌డీ 2.0 లీటర్ బండికి సెకండ్ 2.991, టొయోటా 86కి 2.188 అని చూడగానే మాజ్డా చాలా పొట్టి గేరు (తోసే బలం ఎక్కువ, స్పీడు తక్కువ) అనిపిస్తుంది. ఫైనల్ డ్రైవ్‌తో గుణించు. మాజ్డాకి 2.866, టొయోటాకి 4.1. మాజ్డా 8.57, టొయోటా 8.97. టొయోటాదే పొట్టి గేరు.

నీ డబ్బు ఖర్చుపెట్టాలనే ఉంటే గేర్‌బాక్స్ జోలికి పోకుండా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ మీద పెట్టు, లోపలి చక్రం ఊరికే తిరగడం తగ్గుతుంది. నీ బండికి దొరుకుతుందో లేదో ముందు కనుక్కో, వారంటీ సంగతీ చూసుకో. అంతవరకు 50 దగ్గర మలుపులకు థర్డ్, 35 లోపు పడిపోయే హెయిర్‌పిన్‌లకు (దాదాపు వెనక్కి తిరిగే మలుపులకు) సెకండ్. సెకండ్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్ ఎంత తిన్నగా అవుతుంటే కాలు అంత నొక్కు, తిప్పి పట్టుకుని నొక్కకు.

పాలకోవా_పార్టీ:
జోకులు పక్కనపెడితే, ఫుల్ తొక్కి చూడాలనే సరదా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. ఘాట్‌లో ఎదురుగా గ్రానైట్ లారీ వస్తే నీ 420 కిలోల లెక్క వాడికి తెలియదు.

ఏపీ04_హ్యాచ్:
అది ఒప్పుకుంటా. ఒక్క డౌట్ మిగిలింది, టర్బో లేని 1.2 బండికి కూడా థర్డే మేలా?

అనంత02:
కాదు. అలాంటి ఇంజిన్‌కి 2300 దగ్గర టార్క్ అంతంతమాత్రం, థర్డ్‌లో ఎక్కడానికే ఏడుస్తుంది. సెకండ్‌లోనే పో, దానికి ఫుల్ తొక్కినా టార్కే 110 దరిదాపుల్లో ఉంటుంది, ముక్కు అంత త్వరగా జారదు.