కర్నూలులో ముందు భూమి కొనాలా, కాలువలు కట్టాలా?

హంద్రీ గట్టు:
శివార్లలో కాలనీలు పెరిగిపోతున్నాయి. నగరపాలక సంస్థ తన సొంత డబ్బుతో ముందు ఏం చేయాలి? శివార్లలో ప్రైవేటు భూమి కొని పెట్టుకోవడమా, ఉన్న వీధులకు కాలువలు, పైపులు వేయడమా? నా ఓటు భూమికే. కేంద్రం పట్టణాల నీళ్లు, మురుగు పనులకిచ్చే అమృత్ పథకం డబ్బు పైపులకు, ప్లాంట్లకు వస్తుంది, భూమి కొనడానికి రాదు. మురుగు శుద్ధి ప్లాంటుకు జాగా చూపించకపోతే మంజూరైన పని కూడా కాగితం మీదే ఉంటుంది.

కల్లూరు అక్క:
మా వీధిలో మురుగు రోడ్డు మీదే పారుతోంది తమ్ముడూ. 2021 నుంచి ఇంటిపన్ను ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఏటా 15 శాతానికి మించి పెంచం అన్నారు, అంటే ఏటా పెరుగుతుందనే కదా! ఆ పన్నుతో ఎప్పుడో రాబోయే కాలనీకి ఇప్పుడు భూమి కొంటారా?

రిటైర్డ్ సర్వేయర్:
అమ్మా, మీరడిగింది న్యాయమే. లెక్క కూడా చూడండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువకు అంతే మొత్తం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, కలపాలి. కోటి రూపాయల స్థలం రెండు కోట్లవుతుంది. నోటిఫికేషన్ వచ్చినప్పటి నుంచి అవార్డో (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు), భూమి స్వాధీనమో అయ్యేదాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. అందుకే చేనుగా ఉన్నప్పుడే రైతుతో మాట్లాడి కొనుక్కోవాలి. ప్లాట్లు పడ్డాక ఒక్కో ఓనరుదీ ఒక్కో కోర్టు కేసు. కాలువల మాటకొస్తే, 15వ ఆర్థిక సంఘం 2021-26 గ్రాంటుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. ఆ డబ్బు మీ వార్డులో ఎక్కడ ఖర్చయిందో కార్పొరేటర్‌ను గట్టిగా అడగండి.

బళ్లారి చౌరస్తా:
కొనడం సరే సార్, ఎవరి భూమి? ట్యాంకు ఎక్కడొస్తుందో ముందే తెలిసినవాళ్లు చుట్టూ అగ్రిమెంట్లు రాయించుకుంటారు. తీర్మానం అయ్యేలోపే రేటు ఎగిరిపోతుంది. అయినా లేఅవుట్లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలని రూలుంది కదా. ముందు వాటికి కంచె వేయమనండి. మా వైపు ఒకదాంట్లో బర్రెలు కట్టేస్తున్నారు, ఇంకోదాంట్లో గుడి లేచింది.

పాతబస్తీ:
2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకొచ్చాయి. హంద్రీ పక్కన ఉన్న పట్టా భూములు కొని ఖాళీగా ఉంచాలంటాను. ఆ పని లేఅవుట్ల 10 శాతంతో అయ్యేది కాదన్నా. డబ్బు లేకుంటే టీడీఆర్ బాండ్లు ఇవ్వండి, అంటే భూమికి బదులు వేరేచోట అదనపు అంతస్తులు కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు.

హంద్రీ గట్టు:
అదనపు అంతస్తులకు గిరాకీ ఉంటేనే ఆ బాండుకు విలువ. మన ఊళ్లో ఎవరు కొంటారన్నా? రైతుకు చెక్కే కావాలి.

కల్లూరు అక్క:
సరే, కొంటే కొనండి. సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ విలువ, ఓనరు అడిగిన రేటు ఓటింగుకు ముందే వార్డు సచివాలయం బోర్డు మీద పెట్టాలి. మా వీధి కాలువ అంచనా కూడా అదే అజెండాలో రావాలి.

బళ్లారి చౌరస్తా:
ముందే బోర్డు మీద పెడితే రేటు ఇంకా పెంచరా అక్కా?

కల్లూరు అక్క:
ఇప్పుడు నలుగురికే తెలిసి పెరుగుతోందని నువ్వే అంటివి కదప్పా. అందరికీ తెలిస్తే కనీసం అగ్రిమెంట్లు ఎవరివో బయటపడతాయి.