కాలనీ జోన్ మార్పు: అభ్యంతరంలో ఏం రాయాలి?

విజయవాడ పాయకాపురం వైపు మాది జీ ప్లస్ వన్ ఇళ్ల కాలనీ. పక్క ఖాళీ స్థలాన్ని అపార్ట్‌మెంట్లకు మార్చేందుకు నోటీసు పడింది. ఏం రాస్తే పట్టించుకుంటారండీ?

జవాబు:
"అపార్ట్‌మెంట్లు వద్దు" అంటే పక్కన పడేస్తారు. లెక్క చూపించండి. వంద ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, తలకు 135 లీటర్లు అంటే రోజుకు 54,000 లీటర్ల నీళ్లు. అందులో 80 శాతం, అంటే 43 వేల లీటర్ల పైచిలుకు, మురుగై మీ వీధి పైపులోకే వస్తుంది. ఆ పైపు సైజు, వాలు ఎంతో సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలే. జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి దానికోసం ఆగకుండా అభ్యంతరం ముందే ఇచ్చేయండి.

జవాబు:
2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మీ గోడల మీద పడిన నీటి గీతను టేపు ఆనించి ఫొటో తీయండి. అసలు బలమైన పాయింటు ఇదే. కొత్త స్థలాన్ని మెరక చేస్తే అక్కడ నిలిచే నీళ్లు మీ పల్లపు ఇళ్లలోకి వస్తాయి. సెల్లార్ తవ్వితే అదీ మునుగుతుంది.

జవాబు:
రోడ్డును కాగితం మీద కాదు, రోడ్డు మీదికొచ్చిన ర్యాంపులు, మెట్లు తీసేసి మిగిలిన వెడల్పు కొలవండి. ఫైరింజన్ మలుపు తిరగ్గలదా అనేది అక్కడే తేలుతుంది. ప్రతి ఇంటి నుంచీ విడిగా ఓ అభ్యంతరం ఉత్తరం ఇవ్వండి, అందులో ఆ స్థలం సర్వే నంబరు వేయండి, నకలు మీద ఆఫీసు ముద్ర తప్పక వేయించుకోండి.