పోఖరాలో మొదటిసారి టాండమ్ పారాగ్లైడింగ్: అమ్మను కూడా ఎక్కించవచ్చా?

కృష్ణాతీరం (ప్రశ్న)
నవంబరులో నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్తున్నాం. వెళ్లేటప్పుడు పోఖరాలో రెండు రాత్రులు, వచ్చేటప్పుడు ఒక రాత్రి ఉంటాం. నేనూ అమ్మా టాండమ్ (ఒక్కొక్కరూ ఒక్కో పైలట్‌తో జంటగా ఎగిరేది) ఎక్కుదామని. అమ్మకు 56 ఏళ్లు, బీపీ మాత్రలతో అదుపులో ఉంది, కానీ ఘాట్ రోడ్డెక్కితే వాంతులు. నా బరువు 94 కిలోలు. ఏ స్లాట్ మంచిది? పైలట్ వెనక ఉండి అంతా చూసుకుంటాడు కదా, మనం చేసేదేమైనా ఉంటుందా?

గాలివాటం
ఉంటుందండీ. పరుగు మీదే. పైలట్ మీ వెనక, గొడుగు (మిమ్మల్ని గాల్లో మోసే గుడ్డ రెక్క) మీ ఇద్దరి వెనక నేలమీద పరిచి ఉంటుంది. అది గాలి నింపుకుని లేచేటప్పుడు ఎవరో వెనక్కి గుంజినట్టు అనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగితే గొడుగు వెనక్కి కూలుతుంది. ముందుకు వంగి, బరువు లాగుతున్నట్టు అడుగులు వేస్తూనే ఉండాలి. కాళ్లు నేల వదిలాక కూడా ఇంకో నాలుగైదు అడుగులు గాల్లోనే పరుగెత్తండి, మళ్లీ నేల తగలొచ్చు.

చేయకూడనివి రెండు: ఎగిరి దూకడం, ముందే కూర్చోవడం. దూకితే గొడుగు మీద బరువు ఒక్క క్షణం తేలిపోయి మళ్లీ కిందికి దిగుతారు. ముందే కూర్చుంటే వాలు మీద నడుము, వెన్నెముక నేలకు తగులుతాయి. మొదటిసారి వాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇలాగే.

అక్కడి పైలట్లకు హిందీ వచ్చు. అమ్మకు "దౌడో" (పరుగెత్తు), "బైఠో మత్" (కూర్చోవద్దు), "ఖడే హో జావో" (నిలబడు) ముందే నేర్పండి. మూడోది దిగేటప్పుడు అంటారు. అప్పుడు సీటులోంచి జారి కాళ్లు కిందికి పెట్టాలి. కాళ్లు ముందుకు ఎత్తి కూర్చునే దిగమంటే అలాగే చేయాలి. చేతులు భుజాల పట్టీల మీదే ఉండాలి, పైనున్న తాళ్లు పట్టుకోవద్దు.

ఎండగాలి
స్లాట్ సంగతి. ఎగిరే కొండ సారంగ్‌కోట్ దాదాపు 1,600 మీటర్లు, కింద ఫేవా సరస్సు అంతకంటే 800 మీటర్లు కిందికి. టాండమ్ గొడుగు సెకనుకు మీటరుకు కాస్త పైగా దిగుతుంది. అంటే పైకి లేపే గాలి లేకపోతే పది, పన్నెండు నిమిషాల్లో కింద ఉంటారు. బోర్డు మీద రాసే అరగంట, థర్మల్స్ (ఎండకు వేడెక్కి పైకి లేచే గాలి) దొరికితేనే. సరస్సు వైపు వాలు దక్షిణ ముఖం కాబట్టి ఎండెక్కాక, పదకొండు ప్రాంతంలో అవి బాగా లేస్తాయి. వాటిలో గుండ్రంగా తిరుగుతూ పైకెళ్తారు. శిఖరం దాటి లేస్తేనే ఉత్తరాన మాఛాపుచ్ఛ్రే మంచు శిఖరం కళ్లెదుట విప్పుకుంటుంది. కానీ వాంతులు తెచ్చేది కూడా ఆ తిరుగుడే.

అందుకని అమ్మకు పొద్దుటి మొదటి స్లాట్, మీకు పదకొండు గంటలది. విడివిడిగా బుక్ చేయండి. ఖాళీ కడుపు వద్దు, గంటన్నర ముందు తేలిగ్గా ఏదైనా తినాలి. వాంతి మాత్ర బీపీ మందులతో సరిపడుతుందా అని ఆమె డాక్టరును ఇక్కడే అడగండి, ఎగరడానికీ ఆయన సరే అనాలి. గాల్లో కిందికి కాక దూరపు కొండల వైపు చూడమనండి. చివర్లో "అక్రో చేద్దామా?" అంటారు, అది వేగంగా సుడి తిప్పడం. వద్దని ముందే చెప్పండి.

కృష్ణాతీరం
చాలా థాంక్సండీ. బరువు సమస్య కాదా? అమ్మ చీరే కడుతుంది.

మూడుబకిల్స్
చీర వద్దండీ, చున్నీ కూడా. తాళ్లలో చిక్కుకుంటాయి, పరుగులో కాళ్లకు అడ్డం. ప్యాంటు, లేసులు గట్టిగా కట్టే బూట్లు, గాలికి ఆగే జాకెట్. కళ్లజోడుకు తాడు కట్టండి.

94 కిలోలకు ఎగురుతారు గానీ, బుకింగులోనే నిజం చెప్పండి. దాన్ని బట్టే గొడుగు, పైలట్ కుదురుతారు. గాలి వేగం తక్కువగా ఉంటే బరువైనవాళ్లు ఎక్కువ దూరం పరుగెత్తాలి. మీకు పదకొండు నయమనడానికి ఇదొక కారణం.

కట్టేశాక మీరే చూసుకోండి: రెండు తొడల పట్టీలు, ఒక ఛాతీ పట్టీ, మిమ్మల్ని గొడుగుకు కలిపే రెండు కారబైనర్లు (లోహపు కొక్కేలు) మూసి ఉన్నాయా. తొడల పట్టీలు లేకుండా లేస్తే కిందికి జారిపోతారు, ప్రాణాలు తీసే పొరపాటు అది. రిజర్వ్ పారాచూట్ ఎక్కడుందో అడగండి. చూపించడానికి విసుక్కునేవాళ్ల దగ్గర ఎగరొద్దు.

2023 జనవరి 1న కొత్త విమానాశ్రయం మొదలయ్యాక ఎగిరే చోట్లలో మార్పులొచ్చాయి, ఎక్కడి నుంచి ఎగురుతారో ముందే అడగండి. ధర ఐసీలోనా (మన రూపాయలు) ఎన్‌సీలోనా (నేపాలీ రూపాయలు) తేల్చుకోండి, మన 100కి వాళ్లది 160. ఫొటోలు, వీడియోకు విడిగా తీసుకుంటారు. ట్రావెల్ ఇన్సూరెన్సులో సాహస క్రీడలు చాలాసార్లు మినహాయింపులో ఉంటాయి, పాలసీ చదవండి.

వెళ్లేటప్పటి మొదటి ఉదయానికే బుక్ చేసుకోండి. వెనక నుంచి గాలి వీస్తే, మబ్బు దిగితే ఆ రోజు ఆపేస్తారు. తిరుగు ప్రయాణానికి వదిలితే, ముక్తినాథ్ దగ్గరి జోమ్‌సోమ్ నుంచి పోఖరాకు వచ్చే విమానం రద్దయిన రోజున అదీ పోతుంది.