ఆలోచనల నోట్‌బుక్ వారంలోనే ఆగిపోతోంది, ఎలా రాయాలి?

సాగర్‌నగర్ పాదచారి:
పాతకాలపు అమెరికన్ రచయిత ఎమర్సన్ వ్యాసాలు చదువుతున్నాను. ఆయనలా సొంత ఆలోచనలు రాసుకుందామని కూర్చుంటే నాలుగో రోజుకే లేచాను, తిన్నాను, పడుకున్నాను అన్న డైరీ అయిపోతోంది. పనికొచ్చే ముక్క ఏదైనా రాసినా మళ్లీ వెతికితే దొరకదు. ఆదివారాలు పొద్దున్నే విశాఖలో జోడుగుళ్లపాలెం బీచ్‌లో నడుస్తాను. అక్కడే రాయనా? స్నేహితుడు తోడొస్తానంటున్నాడు, రమ్మననా?

పాత పుస్తకాల వీధి:
ఎమర్సన్ 1820లో, హార్వర్డ్‌లో చదివే రోజుల్లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు రాశాడు. ఉపన్యాసాలు, వ్యాసాలు చాలావరకు ఆ నోట్‌బుక్కుల్లోంచి తీసుకున్నవే. అలా తీసుకోగలిగాడంటే, వాటికి విషయసూచికలు తయారుచేసుకున్నాడు కాబట్టి. మీకు లోటు అదేనండి.

200 పేజీల పుస్తకం తీసుకుని ముందే నంబర్లు వేయండి, చివర 8 పేజీలు సూచికకు వదలండి. కుడి పేజీలోనే రాయండి. అక్కడ రాసిన మాట తప్పనిపించిన రోజు కొట్టేయకుండా, ఎదురుగా ఎడమ పేజీలో తేదీ వేసి జవాబు రాయండి. వారానికోసారి పావుగంట సూచికకు. 'ప్రకృతి' లాంటి పెద్ద మాట పెడితే సగం పుస్తకం దాని కిందికే పోతుంది. 'నాచు', 'మొహమాటం', 'అప్పు' లాంటివి పెట్టండి. ఎవరి వాక్యమైనా ఎత్తిరాస్తే, దాని కింద మీ అభిప్రాయం రెండు వాక్యాలైనా ఉండాలి.

పోటూ పాటూ:
బీచ్ సంగతి. పోటు (నీళ్లు ఒడ్డు మీదికి రావడం) రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి ప్రతి ఆదివారం అదే టైముకి వెళ్తే అదే సముద్రం దొరకదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి. పూర్తి పాటుకు, అంటే నీళ్లు పూర్తిగా వెనక్కి పోయే వేళకు, గంట ముందే చేరండి, నీళ్లు తిరగ్గానే వచ్చేయండి. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టొద్దు.

ఒక్క గుంట దగ్గర 20 నిమిషాలు కదలకుండా కూర్చోండి. పొద్దున సముద్రం వైపు తిరిగితే నీడ వెనక్కి పడుతుంది, వచ్చే అల కూడా కనిపిస్తుంది. 'పీత పారిపోయింది' అని రాయకండి. 'నీడ పడగానే ఎడమ పగుల్లోకి దూరింది, ఒక కాలు బయటే ఉంది' అని రాయండి. ఆలోచన ఆ తర్వాత దానంతటదే వస్తుంది. జెల్ పెన్ను తడికి అలుక్కుపోతుంది, పెన్సిల్ మేలు.

పాత పుస్తకాల వీధి:
స్నేహితుణ్ని తప్పకుండా రమ్మనండి. 1845లో ఎమర్సన్ స్నేహితుడు, రచయిత థోరో ఒంటరిగా ఉండటానికి వాల్డెన్ చెరువు ఒడ్డున ఇల్లు కట్టుకున్నది ఎమర్సన్ స్థలంలోనే. సొంతకాళ్ల మీద నిలబడటానికి స్నేహం అడ్డు కాదు, కబుర్లు అడ్డు. చూసింది ముందే మాట్లాడేస్తే రాయాలన్న ఒత్తిడి పోతుంది, పైగా ఇద్దరికీ ఒకటే అభిప్రాయం తయారవుతుంది. అందుకని చెరో రాయి చూసుకుని ముందు రాయండి, తర్వాత ఒక్కో పేరా చదివి వినిపించుకోండి. అతను కాదన్నది మీ ఎడమ పేజీలోకి.