బొల్లికి రుక్సోలిటినిబ్ క్రీము: వేలికొసలకు రంగెందుకు రాదు?

ప్రశ్న: 1.5 శాతం క్రీము రోజుకు రెండుసార్లు రాస్తే 12 వారాల్లో ముఖం మీద రంగు మొదలైంది, వేలికొసలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. మందు పనిచేయనట్టేనా?

జవాబు 1: కాదండీ. కొత్త రంగుకణాలు ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ల నుంచే పైకొస్తాయి. వేలికొసల్లో, అరచేతుల్లో ఆ కుదుళ్లే ఉండవు. మచ్చలోని వెంట్రుకలూ తెల్లబడితే ఆశ ఇంకా తక్కువ. అయినా ముఖానికి అప్పుడే ఆపేయకండి, దయచేసి. పెద్ద ప్రయోగాల్లో ముఖంపై 75 శాతం మెరుగుదల 24 వారాలకు దాదాపు 30 శాతం మందిలో, 52 వారాలకు సుమారు సగం మందిలో కనిపించింది.

జవాబు 2: పలుచగా రాయాలి. ఒంటి మొత్తంలో 10 శాతం మించకూడదు. రోగి అరచెయ్యి వేళ్లతో కలిపి ఒంటి చర్మంలో సుమారు 1 శాతమని లెక్క. రాసినచోట మొటిమలు రావచ్చు.

జవాబు 3: ఈ క్రీమును జాక్ (రోగనిరోధక వ్యవస్థలో వాపు సంకేతాలు మోసే ఎంజైములు) నిరోధక మాత్రలతో కలిపి వాడొద్దు.