బ్లాగులో పెట్టిన కథను పత్రికకు పంపవచ్చునా?

మలక్‌పేట వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో పని చేస్తున్నాను. మలక్‌పేట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో వెళ్లివచ్చే సమయంలో ఫోనులోనే టైపు చేసుకుంటూ రెండేళ్లలో పదకొండు కథలు రాశాను. వాటిలో ఏడింటిని నా బ్లాగులో పెట్టాను, నాలుగింటిని పత్రికలకు పంపాను. బ్లాగులో మా చిన్నమ్మ కూతురూ, ఆఫీసులో నా పక్క సీటు ఆవిడా తప్ప వ్యాఖ్య రాసినవారు లేరు. పత్రికలకు పంపినవాటిలో ఒకటి తిరిగివచ్చింది. మిగిలిన మూడింటి సంగతి ఆరు నెలలైనా తెలియలేదు.

నా సందేహాలు ఇవి. బ్లాగులో పెట్టిన కథను కొంత మార్చి పత్రికకు పంపితే తప్పా? జవాబు రాని కథ కోసం ఎంతకాలం ఎదురుచూడాలి? కథలు రాయాలనుకునే మనిషికి బ్లాగు వల్ల ప్రయోజనం ఉందా, లేక ఉన్న కాస్త ఓపికనూ అదే తినేస్తుందా?

తిరిగివచ్చిన కథ, రేషను దుకాణంలో వేలిముద్ర పడక బియ్యం అందని ఒక ముసలి తాపీమేస్త్రీ గురించినది. "ఎత్తుగడ బలహీనంగా ఉంది" అని, అంటే కథ మొదలుపెట్టిన తీరు బాగులేదని, సంపాదకులు ఒక్క వాక్యం రాశారు. మొదటి పేరా ఇది:

"తూర్పు దిక్కున సూర్యభగవానుడు బంగారు కిరణాలతో భాగ్యనగరాన్ని మేలుకొలుపుతున్నాడు. పక్షుల కిలకిలారావాలు వీనులవిందు చేస్తున్నాయి. కానీ డెబ్బై రెండేళ్ల మల్లయ్య జీవితంలోకి మాత్రం ఆ వెలుగు ఏనాడూ తొంగిచూడలేదు."

ఆ తరువాత ఆయన బాల్యం, పెళ్లి, కొడుకుల సంగతి వస్తాయి. వేలిముద్ర యంత్రం ముందు ఆయన నిలబడే సన్నివేశం మూడో పేజీలో ఉంది.

చిక్కడపల్లి పాఠకుడు:

నేను ఒక వారపత్రికలో కొన్నేళ్లపాటు, వచ్చిన కథలను ముందుగా చదివి వడపోసే పని చేశాను. అందుకని మీ మొదటి సందేహానికి కొంత కచ్చితంగానే జవాబు చెప్పగలను. కథతో పాటు మీరు పంపే హామీపత్రంలో ఏమి రాశారో ఒకసారి తీసి చదవండి. "ఈ కథ నా సొంతమనీ, దేనికీ అనువాదమో అనుకరణో కాదనీ, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ" సంతకం చేసి పంపుతున్నారు కదా. ఆ "ఎక్కడా" అన్న మాటలో బ్లాగు, ఫేస్‌బుక్కు, వాట్సాప్ గుంపు అన్నీ వస్తాయన్నదే ఇప్పుడు చాలా పత్రికల లెక్క. కొన్ని పత్రికలు ఆ పేర్లు విడిగా కూడా రాస్తున్నాయి. పేర్లు మార్చి, ముగింపు మార్చి పంపినా కథ అదే. అచ్చయిన వారానికి ఎవరో ఒక పాఠకుడు పాత లంకెను జతచేసి సంపాదకుడికి ఉత్తరం రాస్తాడు. ఆ తరువాత ఆ పత్రికలో మీ పేరు చూడగానే పక్కన పెట్టే పరిస్థితి వస్తుంది. ఆ ఏడు కథలనూ బ్లాగు కథలుగానే ఉండనివ్వండి. రేపు పుస్తకం వేస్తే అందులో నిరభ్యంతరంగా చేర్చుకోవచ్చు.

ఎదురుచూడడం గురించి: తీసుకోని కథల విషయం తెలియజేయడం సాధ్యం కాదని చాలా పత్రికలు ముందే చెబుతాయి కాబట్టి మౌనాన్ని అవమానంగా తీసుకోకండి. గడువు చెప్పిన పత్రిక అయితే ఆ గడువు వరకూ, చెప్పకపోతే మూడు నెలల వరకూ ఆగి, "ఫలానా తేదీన పంపిన ఫలానా కథను వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒక మెయిలు పెట్టి వేరే చోటికి పంపండి. ఆ మెయిలు పెట్టకుండా పంపినవారి కథ ఒకే నెలలో రెండు పత్రికల్లో అచ్చయి, ఇద్దరు సంపాదకులూ ఆ రచయితకు ఫోను చేసిన ఉదంతం నాకు తెలుసు. సంక్రాంతి, ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలకు ఉద్దేశించిన కథలు రెండు మూడు నెలల ముందే చేరాలి. పండుగ వారంలో పండుగ కథ పంపేవారు ఏటా ఉంటారు.

ఇక మీ మల్లయ్య. మీరిచ్చిన మూడు వాక్యాలలో మొదటి రెండింటిని ఏ కథకైనా అతికించవచ్చు. అటువంటి సూర్యోదయాలు మా బల్ల మీదికి వారానికి పది వచ్చేవి. మూడో వాక్యం, పాఠకుడు తనంతట తాను గ్రహించవలసిన దానిని ముందే తీర్పులా చెప్పేసింది. మూడో పేజీలో ఉన్న యంత్రాన్ని మొదటి వాక్యంలోకి తీసుకురండి. డీలరు ఆయన బొటనవేలిని తడిగుడ్డతో తుడిచి, గాజు మీద నొక్కిపెట్టి, ఎర్ర అక్షరాలు కనబడగానే, "తాతా, పడ్తలేదు, ఇంకోపారి పెట్టు" అంటాడు. ఆయన చేతిని తిప్పి చూసుకుని, "నలభై ఏండ్లు సిమెంటు కలిపిన చేతులు బిడ్డా, గీతలు యాడికెల్లొస్తయి" అంటాడు. ఆయన వయసు, వృత్తి, పేదరికం, ఆత్మాభిమానం అన్నీ ఆ రెండు మాటల్లో వచ్చేశాయి. బాల్యం, పెళ్లి అక్కర్లేదు. కొడుకుల సంగతి కావాలంటే వెనక వరుసలో నిలబడిన ఆవిడ చేత, "మీ పెద్దోని వేలు పెట్టియ్యరాదు?" అని ఒక్క ప్రశ్న అడిగించండి. ఆయన జవాబు చెప్పకుండా సంచీ మడతపెట్టుకుంటే చాలు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన నగరంలో రాసే కొత్తవారు చాలామంది కథనాన్ని వాడుక భాషలో నడిపి, సంభాషణల దగ్గరికి రాగానే పాత్రలందరి చేతా పాఠ్యపుస్తకం మాట్లాడిస్తారు. మలక్‌పేటలో రేషను డీలరు "దయచేసి మరొకసారి ప్రయత్నించండి" అనడు. మీరు మెట్రోలో రాస్తున్నారు కదా, అప్పుడప్పుడు ఫోను పక్కన పెట్టి మాటలు వినండి. పాత కథలు చదవాలంటే సుల్తాన్ బజారులో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయం వారి వెబ్‌సైటులో వేల కథలు ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. ఆదివారం అబిడ్స్, కోఠి కాలిబాటల మీద పాత వారపత్రికలు దొరికితే కొనండి. ఒకే సంచికలో బాగున్న కథనూ బాగులేని కథనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఉత్తమ కథల సంకలనాలు నేర్పనివి కొన్ని తెలుస్తాయి.

పాత బ్లాగరి, కూకట్‌పల్లి:

బ్లాగు వల్ల ప్రయోజనం ఉంది కానీ, మీరు దాన్ని కథల గోదాముగా వాడుతున్నారు. నేను 2007 నుంచి రాస్తున్నాను. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకేచోట చూపే కూడలి వంటి సంకలినుల ద్వారా పాఠకులు రోజూ వచ్చి టపాలు (బ్లాగులో రాసినవి) చదివి వాదులాడుకున్న రోజులు పోయాయి. ఇప్పుడు బ్లాగుకు మనిషి వచ్చేది ఏదో ఒకటి వెతుక్కుంటూనే. మీ పేరు తెలియనివాడు మీ కథను వెతకడు. "రేషను కార్డులో వేలిముద్ర పడకపోతే ఏమి చేయాలి" అని వెతుకుతాడు. ఆ కథ కోసం మీరు దుకాణాల చుట్టూ తిరిగి తెలుసుకున్నదంతా ఒక టపాగా రాయండి, కథను మాత్రం పత్రికకు పంపండి. నా బ్లాగులో నేటికీ ఎక్కువమంది చదివేది, మా వీధి పిండిమర గురించి పదేళ్ల కిందట నేను పరధ్యానంగా రాసిన టపా. బుర్ర బద్దలుకొట్టుకుని రాసిన విమర్శ వ్యాసాలను ఎవరూ ముట్టుకోరు.

కొన్ని సాంకేతిక విషయాలు చెప్పాలి, ఎందుకంటే ఇవి ఎవరూ చెప్పక నేను చాలాకాలం పోగొట్టుకున్నాను. గూగుల్ వారి బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే టపా చిరునామాలో ఆ తెలుగు రాదు. "బ్లాగ్-పోస్ట్" అనీ, దాని పక్కన ఒక అంకె అనీ వస్తుంది. ప్రచురించే ముందే పక్కనున్న అమరికలలో పర్మాలింకును, అంటే ఆ చిరునామాను, ఇంగ్లీషు అక్షరాలతో మీరే రాయండి. ఫోనులో మాట్లాడి టైపు చేయించేవారైతే ళ-ల, ణ-న తేడాలను ప్రతిసారీ సరిచూసుకోండి. "కళ్లు" అంటే "కల్లు" పడిన టపా నాది ఒకటి ఉంది, వ్యాఖ్యలన్నీ దాని మీదే. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలో పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విడదీత అక్షరం ఉండాలి. అది లేకపోతే వేర్‌లోని వకారం వెనకటి అక్షరానికి ఒత్తుగా అతుక్కుని "సాఫ్ట్వేర్" అవుతుంది. పత్రికకు పంపేది తప్పనిసరిగా ఏ పరికరంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లో పంపండి. "అను" అనే పేరున్న పాత ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోవడం మామూలే, మార్చిన ప్రతిని ఆసాంతం చదవకుండా పంపవద్దు.

నెలకొకసారి బ్లాగు మొత్తాన్ని డౌన్‌లోడు చేసుకుని దాచుకోండి. సొంత డొమైను (డబ్బు కట్టి తీసుకున్న వెబ్ చిరునామా) గడువు తేదీ మరచిపోయి నేను రెండేళ్ల టపాలు పోగొట్టుకున్నాను, అందులో మా నాన్నగారి మీద రాసినవి మూడు ఉన్నాయి. ప్రకటనల ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు. గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగును చేర్చుకున్నప్పుడు మేమందరం సంబరపడ్డాం, నా వరకు ఆ సొమ్ము డొమైను ఖర్చుకు కూడా చాలలేదు.

నల్లకుంట రచయిత్రి:

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను కానీ, విసిగిపోయి సొంతంగా పుస్తకం వేసేయాలన్న ఆలోచన మీకు ఏ రోజైనా వస్తుంది కాబట్టి నా అనుభవం చెబుతున్నాను. ఒక ప్రచురణ సేవా సంస్థకు నలభై వేలు చెల్లించి పన్నెండు కథల సంపుటి వేయించాను. ఐదు వందల ప్రతులలో మూడు వందల ఎనభై ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కోసమని విడిగా రుసుము తీసుకున్నారు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ ఆ సంఖ్యను ఉచితంగా ఇస్తుందని తరువాత తెలిసింది. పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుందనీ, ఫారమంటే పదహారు పేజీలనీ కూడా నాకు తెలియదు. నా పుస్తకం 132 పేజీలు వచ్చింది. ముందుమాటలో పొగడ్తలు కొన్ని తీసేసి 128కి కుదించి ఉంటే ఎనిమిది ఫారాలతో సరిపోయేది.

ఒప్పందం లేకుండా ఎవరికీ ఏమీ ఇవ్వవద్దు. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికనీ భావిస్తారు. "సర్వహక్కులూ శాశ్వతంగా" అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. సినిమా, శ్రవ్య పుస్తకం, అనువాదం హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి. రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది, దానికి నమోదు తప్పనిసరి కాదు. డిసెంబరులో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు ఈసారి కొనడానికి కాకుండా, ఒక సాయంత్రం ఏదైనా చిన్న ప్రచురణకర్త స్టాలులో కూర్చోవడానికి అనుమతి అడిగి వెళ్లండి. పాఠకుడు కథల పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, ఏ పేజీ తెరిచి, ఎన్ని వాక్యాలు చదివి తిరిగి పెట్టేస్తాడో అక్కడ కళ్లారా చూడవచ్చు. నేనైతే పుస్తకం వేయకముందే ఆ పని చేసి ఉండవలసింది.

మలక్‌పేట వాసి:

ముగ్గురికీ ధన్యవాదాలు. మూడో పేజీ నుంచే మొదలుపెట్టి చూశాను. తొమ్మిది పేజీల కథ ఐదున్నరకు వచ్చింది. బాల్యం తీసేయడం కష్టంగా అనిపించింది, దాన్ని వేరే ఫైలులో దాచుకున్నాను. ఒక చివరి సందేహం. బ్లాగులోని ఏడు కథల్లో ఒకటి నాకు చాలా ఇష్టమైనది. దాన్ని అక్కడి నుంచి తొలగిస్తే అప్పుడు ప్రచురితం కానట్టే కదా?

చిక్కడపల్లి పాఠకుడు:

కాదండీ. తొలగించినా ఒకసారి ప్రచురితమైనదే, ఎక్కడో ఒక చోట దాని నకలు ఉంటుంది. ఇద్దరే చదివారు కాబట్టి అంత ఇష్టమైతే దాచకుండా ఒక పని చేయండి. హామీపత్రంలో ఆ వాక్యాన్ని కొట్టివేసి, "ఫలానా నెలలో నా సొంత బ్లాగులో ఉంచి, ఇప్పుడు తొలగించాను" అని రాసి, ముందుగా సంపాదకులను అడిగి, వారు సరేనంటేనే పంపండి. పునర్ముద్రణకు ఒప్పుకునే అంతర్జాల పత్రికలు కొన్ని ఉన్నాయి. మల్లయ్య కథను మాత్రం ఎక్కడా పెట్టకండి, పైన ఇక్కడ పెట్టిన పాత పేరా ఎలాగూ కథలో లేదు కాబట్టి దానితో ఇబ్బంది రాదు.