కాళ్ళు పోయాక వచ్చిన బుద్ధి లెక్కలోకి వస్తుందా?

కావలి అబ్బాయి:
రాత్రి నాయనమ్మతో కూర్చుని ‘పాండురంగ మహత్యం’ (1957) చూశా. ఎన్టీఆర్ వేసిన పుండరీకుడు కళావతి మోజులో ఆస్తి తగలేస్తాడు, కన్నవాళ్ళని ఇంట్లోంచి గెంటేస్తాడు. మునిని అవమానించి కాళ్ళు పోగొట్టుకున్నాక అమ్మానాన్నలు గుర్తొస్తారు. నాయనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది, నాకేమో చిరాకు. కాళ్ళుంటే వాడు మారేవాడా?

మార్కాపురం పలక:
మారేవాడు కాదు. అయితే ఏంటి? దెబ్బ తగలకుండా మారినవాణ్ణి మీ ఊళ్ళో ఒక్కణ్ణి చూపించు. అయినా అక్కడ ఘంటసాల పాడుతుంటే లాజిక్ ఎవడికి కావాలి బ్రో?

కావలి అబ్బాయి:
గొంతు బాగుంటే తప్పులు మాఫీనా?

పెన్నా గట్టు:
పాట సంగతి అట్టా ఉంచండి. మాది కలిగిరి పక్క పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నేను ఆరో తరగతి. మా నాన్న సారా ప్యాకెట్టు మూల పంటితో కొరికి, నిలబడే తాగేసేవాడు. అమ్మ కమ్మలూ అందులోకే పోయాయి. మా ఊళ్ళో దుకాణం మూతపడ్డాక మానాడు. భక్తితో కాదు, దొరక్క. కొన్నాళ్ళు చేతులు వణికి ముద్ద నోటిదాకా వచ్చేది కాదు, అమ్మే కలిపి పెట్టింది. ఊరంతా నాన్నని మెచ్చుకుంది. అమ్మని ఎవరూ పలకరించలా. సినిమాలోనూ భార్యగా వేసిన అంజలీదేవి లెక్క ఎవరు తీర్చాలి?

ట్రంకు రోడ్డు:
అక్కా, 1994 డిసెంబర్‌లో ముఖ్యమంత్రిగా మద్యనిషేధం మీద సంతకం పెట్టిందీ ఆ పుండరీకుడే :) 1997లో ఎత్తేశారనుకో.

పెన్నా గట్టు:
ఎత్తేశాక బస్టాండు దగ్గర షాపు తెరిచారు. మా నాన్న రోజూ దాని ముందు నుంచే పొలానికి పోయేవాడు. తాగలా. కాబట్టి అబ్బయ్యా, కాళ్ళు ఎందుకు పోయాయన్నది కాదు, మళ్ళీ వచ్చాక ఏం చేశాడన్నది చూడు. పుండరీకుడు కాళ్ళొచ్చాక కళావతి ఇంటికి పోలేదు. దేవుడే గుమ్మంలోకొస్తే, అమ్మానాన్నల సేవలో ఉన్నా, ఈ ఇటుక మీద నిలబడు అన్నాడు.

మార్కాపురం పలక:
ఇది ఒప్పుకుంటా.

కావలి అబ్బాయి:
నాకింకా పూర్తిగా ఎక్కలేదు. మరి అమ్మ క్షమించిందా అక్కా?

పెన్నా గట్టు:
ఒకసారి అడిగా. ‘కమ్మలు చేయించమను, అప్పుడు చెప్తా’ అంది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. చెవులకి ఇప్పటికీ వేపపుల్లలే.